బ్రెడ్డు, కందిపొడి ఉంటే చాలు

వంట వచ్చినా చేయడం ఇష్టం లేనివాళ్లు విదేశంలోని మన తెలుగు సంఘంలో చాలామందే ఉన్నారు. పైకి చెప్పరు, అంతే. ఆడవాళ్లు చెబితే మరీనూ, వినేవాళ్ల మొహాలే మారిపోతాయి. అందుకే ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, మనసు లేకపోయినా పొయ్యి వెలిగిస్తారు. లేదంటే బయటి నుంచి తెప్పించుకుని, తింటున్నంతసేపూ ఏదో తప్పు చేసినట్టు బాధపడతారు. ఆ బాధ అక్కర్లేదు. శ్రద్ధగా చేసుకుంటే శాండ్‌విచ్ కూడా భోజనమే.

జామ్ పూసిన రెండు ముక్కలతో ఆకలి తీరదన్నది నిజమే. కానీ ముంబై వీధుల్లో అమ్మే శాండ్‌విచ్ చూడండి. వెన్న, కొత్తిమీర పచ్చిమిర్చి చట్నీ, ఉడికిన బంగాళాదుంప, బీట్‌రూట్, కీరా, టమాటా, ఉల్లి చక్రాలు, పైన చాట్ మసాలా. వెన్న రుచికోసమే అనుకుంటాం గానీ, అంచులదాకా పూస్తే కూరగాయల తడికి బ్రెడ్డు తొందరగా మెత్తబడదు.

మన అలమారలో అంతకన్నా మంచి సరుకుంది. రెండు చెంచాల కందిపొడిలో కరిగిన నెయ్యి వేసి ముద్దగా కలిపి ఒక ముక్కకు పట్టించండి. దానిమీద ఉల్లి, కీరా చక్రాలు పేర్చండి. రెండో ముక్కకు గ్రీక్ యోగర్ట్ రాసి మూయండి. మామూలు పెరుగైతే కారిపోతుంది, ఇది గట్టిగా నిలబడుతుంది. కందిపొడి కారం, పెరుగు చల్లదనం కలిసి నోటికి తగులుతుంటే పప్పన్నం మీదికి మనసు పోదు.

ఇంకాస్త బలంగా కావాలంటే ఉడికించి డబ్బాలో అమ్మే కాబూలీ శనగలు తెచ్చుకోండి. నీళ్లు వంపేసి, కడిగి, ఫోర్కుతో మెదిపి, ఉల్లితరుగు, నిమ్మరసం, ఒక చెంచా ఆవకాయ ఊట కలపండి. పొయ్యితో పనే లేదు. డబ్బా శనగల్లోనూ, ఊటలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి వేరే వేయొద్దు. బీపీ ఉన్నవాళ్లు ఊట మానేసి పచ్చిమిర్చి వేసుకోవడం మంచిది.

కొనేటప్పుడు మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. ప్యాకెట్ మీద 'వీట్ బ్రెడ్' అని ఉన్నంత మాత్రాన అది ముడిగోధుమ బ్రెడ్డు కాదు. వెనక రాసిన పదార్థాల్లో మొదటిది 'హోల్ వీట్' అయి ఉండాలి. శాకాహారులు బ్రెడ్డులో గుడ్డు, చీజ్‌లో రెన్నెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం) చూసుకోవాలి. కొన్ని చీజ్‌లకు దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. 'మైక్రోబియల్', అంటే సూక్ష్మజీవుల నుంచి తీసింది అని ఉంటే ఇబ్బంది లేదు. పెరుగు వేసింది ఆఫీసుకు తీసుకెళ్తే ఐస్ ప్యాక్ తప్పనిసరి, బయట 2 గంటలకు మించి ఉంచకూడదు.

సంఘం పెద్దలకు ఒక మనవి. ఆగస్టులో ఇండియా నుంచి కొత్త విద్యార్థులు దిగగానే రైస్ కుక్కర్ ఎక్కడ కొనాలో చెబుతాం. పాపం, ఆ పిల్లల్లో సగంమందికి చదువు, ఉద్యోగం టెన్షన్‌లో దాన్ని కడిగే తీరికే ఉండదు. ఈసారి పరిచయ సమావేశంలో ఒక అరగంట శాండ్‌విచ్‌లకు కేటాయించండి. బల్లమీద బ్రెడ్డు, పొడులు, పెరుగు, శనగలు పెట్టి వాళ్లచేతే చేయించి అక్కడే తినిపించండి. వేరుశనగ పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే అడిగి, పల్లీపొడి మాత్రం ఆ బల్లమీదికి రానివ్వకండి.