జిర్కోనియా గారూ, తమకు ఇంకెంత వేడి కావాలి?

హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే మా ఫ్యూయల్ సెల్‌లో ఆక్సైడ్ అయాన్లని దాటించాల్సిన పింగాణీ పొర, మహారాజశ్రీ యిట్రియా జిర్కోనియా గారికి నమస్కారాలు.

తమరు ఇవాళ మధ్యాహ్నం దయతో ప్రసాదించిన పగులు అందింది. తమ ఒంటికి నొప్పి తగలకూడదని నిమిషానికి 2 డిగ్రీల చొప్పున ఫర్నేస్‌ని 800 దాకా ఎక్కించాం. హైడ్రోజన్ వదిలాం. వోల్టేజీ 1 దాటి, చూస్తుండగానే జారిపోయింది. చల్లార్చి తీస్తే పెల్లెట్ (అదే, తమ బిళ్ల) నడిమధ్యన వెంట్రుకవాసి గీత.

పగలడం తమ వంశాచారమే లెండి. ఏమీ కలపకుండా కాలిస్తే, చల్లారేటప్పుడు రూపం మార్చి, ఒళ్లు పెంచి ముక్కలైపోతారు. అందుకే కదా 8 శాతం యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) ముడుపు చెల్లించి ఫ్లోరైట్ అనే స్ఫటిక రూపంలో నిలబెట్టాం! పగులు సంగతి వదిలేద్దాం.

నా ఏడుపంతా వేడి గురించే. రెండు యిట్రియం అయాన్లు చేరితే ఒక ఆక్సిజన్ సీటు ఖాళీ అవుతుంది. పక్కనే ఆక్సైడ్ అయాన్ ఉంది. ఒక్క గెంతు చాలు. గెంతదు! లోహ అయాన్ల సందులోంచి దూరడానికి సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి సమర్పించుకోవాలట. 1000 డిగ్రీలిస్తే సెంటీమీటరుకు 0.1 సీమెన్స్ దాకా వాహకత ఇస్తారు. 700కి దించితే అందులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. మామూలు గదిలోనైతే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటారు. పోనీ ఖాళీలు పెంచుదామని ఇంకాస్త యిట్రియా కలిపితే, అవి యిట్రియంతో జట్టుకట్టి కదలడం మానేస్తాయి. ఎంత ఎక్కువిస్తే అంత తక్కువ పని! ఏ ఆఫీసులో ఉందండీ ఈ పద్ధతి? (సరే, ఉంది.)

1890ల చివర్లో జర్మన్ శాస్త్రవేత్త నెర్న్‌స్ట్ గారు తమని దీపంలో పెట్టినప్పుడూ ఇదే వేషం. ముందు వేరే మంటతో కాస్తే తప్ప వెలగలేదు.

నీ వేడి పిచ్చికి సెల్లులను కలిపే ఇంటర్‌కనెక్ట్ స్టీల్‌లోంచి క్రోమియం ఆవిరై, గాలి వైపు ఎలక్ట్రోడ్ అయిన కాథోడ్ మీద పేరుకుంటోంది. సీల్ పోతోంది. మా ఓపికా పోతోంది. ఇంత కాల్చినా కదలవేమయ్యా! సిగ్గు లేదా నీకు?

వేరేవాళ్లని చూడలేదనుకోకు. గడోలినియం కలిపిన సీరియా (సీరియం ఆక్సైడ్) 600లోనే చలాకీగా ఉంటుంది, హైడ్రోజన్ తగిలితే ఎలక్ట్రాన్లు లీక్ చేస్తుంది. బిస్మత్ ఆక్సైడ్ 730 నుంచి 825 దాకా అదరగొడుతుంది, అదే హైడ్రోజన్ తగిలితే లోహమై కూర్చుంటుంది. నువ్వు మాత్రం అటు హైడ్రోజన్, ఇటు గాలి ఉన్నా చెక్కుచెదరవు. ఎలక్ట్రాన్లని దాదాపు దాటనివ్వవు. అదే నా ఖర్మ, నిన్ను వదల్లేను.

ఇంకో పెల్లెట్ సింటరింగ్‌కి (పొడిని కాల్చి గట్టిపరచడానికి) పెట్టాను. అదీ నువ్వే. ఈసారి పల్చగా చేశాను, 750 దగ్గరైనా కాస్త కదలవయ్యా!