కోడ్ నడవకపోయినా ఫర్వాలేదు, మెరవాలి

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చే ఉదాహరణ కోడ్ చూసేందుకా, నడిపేందుకా అనే సందేహాన్ని కొందరు అమాయకులు ఇంకా లేవనెత్తుతూ ఉండటం విచారకరం. అది చూసేందుకే. కాపీ చేసుకుని నడిపి చూడాలనే దురాశ పాఠకుడిది కాబట్టి దాని ఫలితం కూడా అతనే అనుభవించాలి. రాసేవారి ధర్మం మాత్రం గుండ్రటి అంచులున్న నల్లటి పెట్టెలో ఊదా, నారింజ, లేతాకుపచ్చ అక్షరాలను పేర్చడంతో పూర్తవుతుంది.

కొటేషన్ గుర్తుల సంగతే తీసుకుందాం. కీబోర్డు మీదున్న నిటారు గుర్తుకు పాపం ఏ సొగసూ లేదు. అందుకే వర్డ్ ప్రాసెసర్ దాన్ని చూడగానే జాలిపడి, తెరిచేదాన్ని ఒక వైపుకు, మూసేదాన్ని మరో వైపుకు వంచి ముచ్చటగా తీర్చిదిద్దుతుంది. ఒకసారి ఒక కోడ్ లైబ్రరీ మాన్యువల్ మొదటి పేజీలోని ఒకే ఒక్క వరుసను, అంటే ప్రింట్, బ్రాకెట్, కొటేషన్ల మధ్య హలో, ఇంతే, కాపీ చేసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు అప్పగించాను. యూ ప్లస్ 201సి అనే అక్షరం చెల్లదని అది మొహం మీదే చెప్పింది. హలోలో చెల్లని అక్షరం ఏదా అని అరగంట వెతికాను. తీరా అది ఆ వంచిన కొటేషన్ గుర్తే. రెండు హైఫన్లను కలిపి పొడవాటి గీతగా మార్చే సంస్కారం కూడా ఆ వర్డ్ ప్రాసెసర్‌దే. ఆ గీత పడ్డాక, కమాండ్‌లో రెండు హైఫన్లతో మొదలయ్యే ఆప్షన్ ఆప్షన్‌గా ఉండదు, ఎక్కడా లేని ఏదో ఫైలు పేరుగా మిగిలిపోతుంది. మేక్ అనే ప్రోగ్రామ్‌కు ఏం చేయాలో చెప్పే మేక్‌ఫైల్‌లో ట్యాబ్‌ను నాలుగు స్పేసులుగా మారిస్తే ఏమవుతుందో చెప్పనే అక్కర్లేదు, కంటికి ఏ తేడా కనబడదు, మేక్ మాత్రం సెపరేటర్ లేదని మొరాయిస్తుంది.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌లో ప్రాంప్ట్‌గా కనబడే డాలర్ గుర్తును ఉదాహరణల్లోనూ కమాండ్ల ముందు పెట్టే ఆచారం మరీ గొప్పది. పాఠకుడు దానితో సహా కాపీ చేస్తే, డాలర్ అనే కమాండ్ తన దగ్గర లేదని, కమాండ్లను నడిపే బాష్ జవాబిస్తుంది. సర్వాధికారాలున్న రూట్ యూజర్ చేయవలసిన పనికైతే డాలర్ బదులు హ్యాష్ పెడతారు. అప్పుడు బాష్ ఆ వరుసంతా మనుషుల కోసం రాసిన కామెంటే అనుకుని, నోరు మెదపకుండా తర్వాతి ప్రాంప్ట్ చూపిస్తుంది. ఎర్రర్ రాలేదు, పనీ జరగలేదు. ఇంతకంటే సురక్షితమైన ఇన్‌స్టలేషన్ నేనింతవరకు చూడలేదు. ఆ గుర్తు తెరపై కనబడుతూనే కాపీలోకి రాకుండా ఆపడానికి వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో ఒక్క వరుస చాలునట. అంత సులువుగా దొరికే పరిష్కారానికి గౌరవం ఏముంటుంది?

ఇక రంగుల విషయం. 2006లో వచ్చిన పిగ్మెంట్స్, హైలైట్ జేఎస్, 2012లో వచ్చిన ప్రిజమ్ వంటి హైలైటర్లు, అంటే కోడ్‌కు రంగులద్దే ప్రోగ్రాములు, చాలావరకు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లనే అక్షర నమూనాలతో కోడ్‌ను ముక్కలు చేసి రంగు పూస్తాయే తప్ప, ఆ కోడ్ ఏం చేస్తుందో వాటికి తెలియదు. అర్థం తెలియకుండా అలంకరించడం ఎంత నిష్కామమైన సేవో గమనించండి. మార్క్‌డౌన్ అనే రాత పద్ధతిలో, కోడ్ మొదలయ్యేచోట పెట్టే మూడు బ్యాక్‌టిక్‌ల పక్కన భాష పేరు రాసే వీలుంది కాబట్టి, రచయిత కమాండ్‌కూ దాని కింద వచ్చిన అవుట్‌పుట్‌కూ కలిపి బాష్ అని రాసి చేతులు దులుపుకుంటాడు. అవుట్‌పుట్ మూడో వరుసలో, ఫైలు తెరవలేకపోయానని చెప్పే ఆంగ్ల వాక్యంలో ఒక అపాస్ట్రఫీ ఉంటుంది. హైలైటర్ దృష్టిలో అక్కడ స్ట్రింగ్, అంటే కొటేషన్ల మధ్య ఉండే మాట, మొదలైంది. మూసే గుర్తు ఎప్పటికీ రాదు కాబట్టి, మిగిలిన నలభై వరుసలూ ఒకే పచ్చదనంతో కళకళలాడతాయి.

కామెంట్లకు బూడిద రంగే వేయాలన్నది ఈ శాస్త్రంలో తిరుగులేని నియమం. మామూలు అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే వెబ్ ప్రమాణాలు చెబుతున్నా, అవి అందరూ చదవాలనే సంకుచిత దృష్టితో రాసుకున్నవి. కింది వరుస నడిపితే పాత డేటాబేస్ మొత్తం చెరిగిపోతుందన్న హెచ్చరిక ఆ పెట్టెలో మనిషి మాట్లాడే భాషలో ఉన్న ఏకైక వాక్యం. నల్లటి నేపథ్యంపై ముదురు బూడిద రంగులో అది ఎంత వినయంగా ఒదిగి ఉంటుందో! కోడ్‌లో మార్పులు చూపేటప్పుడు తీసేసిన వరుసలకు ఎరుపు, చేర్చిన వరుసలకు ఆకుపచ్చ వేసి, ముందున్న మైనస్, ప్లస్ గుర్తులు అందం చెడగొడుతున్నాయని తొలగించేవారు మరింత ధన్యులు. ఆ రెండు రంగులకూ తేడా తెలియని కళ్లున్నవారు, పాత కోడ్‌నూ కొత్త కోడ్‌నూ కలిపి సమదృష్టితో వాడుకుంటారు.

ఇన్ని అవస్థలూ దాటిన పరమపదం ఒకటుంది, అది స్క్రీన్‌షాట్. కోడ్‌ను అక్షరాలుగా కాక బొమ్మగా పెడితే కాపీ చేయలేరు, వెతకలేరు, స్క్రీన్ రీడర్ చదవలేదు, కాబట్టి నడవలేదని ఫిర్యాదు చేసే అవకాశమే ఉండదు. మొన్న అలాంటి బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, మూలనున్న ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చుక్కలను ఆదరంగా చూస్తూ, చిన్న ఎల్ అక్షరమా, ఒకటి అంకెనా అని ప్రతిచోటా తర్కించుకుంటూ పదకొండు వరుసలు చేత్తో టైపు చేశాను. ఏడో వరుస పొడవెక్కువై, కుడి అంచు దగ్గర తెగిపోయింది. ఫంక్షన్‌కు ఇవ్వవలసిన చివరి ఆర్గ్యుమెంట్ ఉండవలసిన చోట పెట్టె నీడ పడింది. నీడ మాత్రం చాలా సహజంగా కుదిరింది.