క్యాంపస్ రక్షణ మరమ్మతుల పద్దులోకి రావాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని నేరుగా తాకింది. దశాబ్దాల తరబడి పెంచుకున్న పచ్చదనంలో పెద్ద భాగాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణం ఒక్క రోజులో పోగొట్టుకుంది. ఆ తర్వాత 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం మీద విరుచుకుపడింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ కాలేజీల ఊరైన బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు విజయవాడను ముంచింది. ఇన్ని దెబ్బలు తిన్నాక మన కళాశాలల్లో విపత్తు ప్రణాళిక అనే ఫైలు చాలాచోట్ల తయారైంది. ఆ ఫైలుకూ, ఏటా వేసవిలో భవనాల మరమ్మతులకు వేసే అంచనాలకూ మాత్రం ఇప్పటికీ సంబంధం లేదు. సున్నాలు, రంగులు, ప్రహరీ గోడలు, గేటు ముందు సిమెంటు రోడ్డు అంచనాలోకి ఎక్కుతాయి. తుప్పు పట్టిన రేకుల బోల్టులు ఎక్కవు. ప్రమాదం తగ్గించే పనులన్నీ ఆ మరమ్మతుల పద్దులోనే, అంశాలవారీగా, రూపాయల్లో కనిపించాలని మేం కోరుతున్నాం.

పని మొదలుపెట్టాల్సింది నడకతో. కళాశాల ఇంజినీరు, ఎలక్ట్రీషియన్, ల్యాబ్ అటెండరు, హాస్టల్ వార్డెను, తోటమాలి, రాత్రి వాచ్‌మన్ కలిసి రెండు మూడు రోజులు ఒక్కో భవనం చుట్టూ, లోపలా, డాబా మీదా తిరగాలి. ఏ వానకు నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో కన్సల్టెంటు కంటే వాచ్‌మన్‌కే బాగా తెలుసు. అతను చూపించిన మట్టాన్ని గోడ మీద పెయింటుతో గీసి, పక్కనే సంవత్సరం రాయాలి. తర్వాత లెవెల్ (ఎత్తులు కొలిచే పరికరం) పెట్టి అన్ని భవనాల నేల ఎత్తునూ ఆ గీతతో పోల్చాలి. ఆ గీత కంటే కింద ఏమేం ఉన్నాయో అప్పుడు తేలుతుంది. కరెంటు ప్యానెల్, జనరేటరు, సర్వరు గది, పరీక్షల విభాగం జవాబు పత్రాలు, మంచినీళ్ల సంపు మూత చాలా ప్రాంగణాల్లో గీతకు దిగువనే తేలతాయి. సెల్లారులో జాగా ఖాళీగా ఉంటుంది కాబట్టి జనరేటరును, ప్యానెల్‌ను అక్కడే పెడుతుంటారు. వరద వచ్చిన రోజు మొదట మునిగేదీ సెల్లారే. నీళ్లు తోడే మోటారుకు కరెంటు ఇచ్చే ప్యానెల్ ఆ నీళ్లలోనే ఉంటే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడల్లో డిజైనుకు తీసుకోవాల్సిన మూల (బేసిక్) గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. తూర్పు తీరం వెంట 60 కిలోమీటర్ల మేర, తుపాను తర్వాత కూడా పనిచేయాల్సిన భవనాలకు ఆ వేగాన్ని 1.3 రెట్లు చేసి లెక్కగట్టాలని 2015లో సవరించిన ప్రమాణం చెబుతోంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కనుక గోడ మీదా కప్పు మీదా భారం దాదాపు 1.7 రెట్లవుతుంది. వందల మంది తలదాచుకునే హాస్టల్ భవనాన్ని, డిస్పెన్సరీని ఆ లెక్కలో చూడాల్సిందే. కొత్త భవనం డ్రాయింగు మీద సంతకం పెట్టే ముందు ప్రిన్సిపాల్ ‘దీన్ని ఏ గాలి వేగానికి లెక్కగట్టారు?’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, కొత్త ఖర్చేమీ లేకుండానే సగం పని అవుతుంది.

పాత భవనాల్లో ముందుగా చూడాల్సింది రేకుల కప్పులు. వర్క్‌షాపు, మెస్, సైకిల్ స్టాండు, వేదిక మీది షెడ్డు ఈ కోవలోవే. గాలి రేకును తోసేయడం కంటే పైకి లాగడమే ఎక్కువ. ఆ లాగుడు కప్పు అంచుల్లో, మూలల్లో బలంగా ఉంటుంది. అందుకే ముందు మూల రేకు లేస్తుంది, దాని కిందికి గాలి దూరి వరుసగా మిగతావి ఊడిపోతాయి. అంచు వరుసల్లో రేకును పట్టి ఉంచే జె బోల్టుల (కొక్కెం బోల్టుల) మధ్య దూరాన్ని సగానికి తగ్గించి, తుప్పు పట్టిన బోల్టులు, వాషర్లు మార్చితే ఈ వరస ఆగుతుంది. బోల్టు గట్టిగా ఉన్నా అది పట్టుకున్న పర్లిన్ (రేకు కింది అడ్డ దూలం) ట్రస్సుకు (కప్పును మోసే త్రికోణపు చట్రానికి) సరిగా బిగించి లేకపోతే పర్లిన్‌తో సహా ఎగురుతుంది. కాబట్టి తనిఖీ రేకు దగ్గర ఆగకుండా గోడలోని యాంకరు బోల్టు దాకా వెళ్లాలి. గాలి వచ్చే వైపు కిటికీ ఒకటి పగిలినా లోపలి గాలి కప్పును కింది నుంచి నెడుతుంది, పై నుంచి లాగుడు ఎలాగూ ఉంటుంది. పాత చెక్క తలుపుల కిటికీలు తీసేసి జారుడు అద్దాల అల్యూమినియం కిటికీలు పెట్టించిన భవనాలు ఈ విషయంలో బలహీనపడ్డాయి. వాటికి 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు ముందే కోయించి, రంధ్రాలు వేయించి, ఏ పలక ఏ కిటికీదో నంబరు రాసి స్టోర్‌లో ఉంచాలి. తుపాను హెచ్చరిక వచ్చాక వడ్రంగి దొరకడు.

డాబా మీద రెండు విషయాలు. నీళ్లు పోయే గొట్టం మూతి ఆకులతో మూసుకుపోయి, 1,000 చదరపు మీటర్ల డాబా మీద 10 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే 100 టన్నుల బరువు పడ్డట్టే. రెండోది ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే టన్ను బరువు, ఖాళీగా ఉంటే గాలికి ఎగిరే డబ్బా. తుపానుకు ముందు అన్ని ట్యాంకులూ నింపించి బెల్టుతో కట్టించాలి. దానితో తాగునీటి సమస్యా కొంత తీరుతుంది. డాబా తాళం చెవి ఎవరి దగ్గర ఉందన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. అర్ధరాత్రి గొట్టం మూతి తీయాల్సి వచ్చినప్పుడు ఆ చెవి ఊళ్లో లేని గుమాస్తా బీరువాలో ఉంటే పై అంతస్తు తడిసి ముద్దవుతుంది. ప్రతి డాబాకూ రెండో చెవి సెక్యూరిటీ గదిలో ఉండాలి.

పుస్తకాల సంగతి వేరు. 1997 జులైలో అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం బేస్‌మెంటులోకి వరద వచ్చి నాలుగు లక్షలకు పైగా సంపుటాలు తడిశాయి. వాటిని గడ్డకట్టించి, తర్వాత ఆరబెట్టి చాలావరకు దక్కించుకున్నారు. మన తీరపు ఉక్కలో తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అంతలో వేల పుస్తకాలను ఆరబెట్టడం ఎవరి వల్లా కాదు. మైనస్ 18 డిగ్రీల చలిలో ఉంచితే బూజు ఆగిపోతుంది, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. విశాఖ, కాకినాడ, భీమవరం పరిసరాల్లో రొయ్యల ఎగుమతిదారుల శీతల గిడ్డంగులున్నాయి. వాటిలో ఒకదానితో కళాశాలలు ముందుగానే ఒప్పందం రాసుకోవచ్చు. అంతకంటే తేలికైన పని కింది వరస ఖాళీ చేయడం. ర్యాకుల్లో అడుగు అరను నేలకు 45 సెంటీమీటర్లకు పైగా ఉంచాలి. ర్యాకుల్లో పుస్తకాలను మరీ బిగించి పెట్టకూడదు, తడిసి ఉబ్బితే ర్యాకే పగులుతుంది. తాళపత్రాలు, చేతిరాత ప్రతులు ఉన్న గ్రంథాలయాలు వాటిని పై అంతస్తుకు మార్చడానికి ఇంకో వరద దాకా ఆగనక్కర్లేదు.

రసాయన ప్రయోగశాలలో కిరోసిన్‌లో ముంచి ఉంచే సోడియం, తేమ తగిలితే మండే వాయువు వదిలే కాల్షియం కార్బైడ్ గోడ మీది వరద గీతకు ఎగువన ఉండాలి. నైట్రిక్ ఆమ్లాన్ని ఆల్కహాలు, ఎసిటోన్ వంటి ద్రవాలతో ఒకే అరలో పెట్టకూడదు. భూమి కదిలినా, నీళ్లు వచ్చినా సీసాలు దొర్లి కలిస్తే మంటలు రేగుతాయి. అరకు ముందు రెండంగుళాల అంచుపట్టీ, గ్యాస్ సిలిండర్లకు మూడింట రెండు వంతుల ఎత్తులో గొలుసు, ఈ రెండింటి ఖర్చు వందల రూపాయల్లోనే తేలిపోతుంది.

చెట్ల విషయంలో హుద్‌హుద్ తర్వాత రెండు రకాల పొరపాట్లు కనిపిస్తున్నాయి. భయపడి పై కొమ్మలన్నీ మొదలంటా నరికేయడం ఒకటి. అలా నరికిన చోట మళ్లీ మొలిచే కొమ్మలకు పట్టు ఉండదు, వచ్చే తుపానుకు అవే ముందు విరుగుతాయి. కొమ్మల గుంపును పల్చబరిచి గాలికి దారి ఇవ్వడం సరైన పద్ధతి. రెండోది కాండం దాకా సిమెంటు పరచడం, కేబుల్ కోసం ఒకవైపు వేర్లన్నీ తెగ్గోయడం. చెట్టు చుట్టూ కనీసం ఒక మీటరు మేర మట్టిని వదలాలి. భవనానికి, ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా ఉన్నవాటిని ఏటా ఆగస్టులోగా చూసి తీరాలి.

ఇక మనుషులు. వాతావరణ శాఖ తుపానుకు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు పసుపు, 24 గంటల ముందు నారింజ, 12 గంటల ముందు ఎరుపు హెచ్చరికలు ఇస్తుంది. ప్రణాళికలో ప్రతి దశకూ ఎదురుగా ఒక పని, ఒక పేరు ఉండాలి. ఇళ్లకు వెళ్లగలిగే విద్యార్థులను పసుపు హెచ్చరికకే పంపేయాలి. నారింజ వచ్చేసరికి రైళ్లు రద్దవుతాయి, పిల్లలు స్టేషన్లలో చిక్కుకుంటారు. పరీక్ష వాయిదా నిర్ణయం ఆలస్యమవడం వల్లే తరచూ ఇలా జరుగుతుంది. ఆ అధికారం ఎవరిదో, ఎన్ని గంటల ముందు వాడాలో విశ్వవిద్యాలయాలు రాతపూర్వకంగా ప్రకటించాలి. దూర రాష్ట్రాల విద్యార్థులు ఎలాగూ ఉండిపోతారు. వాళ్లకు పై అంతస్తు, అద్దాల గదులు వద్దు, కాంక్రీటు కప్పు కింద నడిమి గదులు ఇవ్వాలి. తుపాను కన్ను దాటేటప్పుడు గాలి ఆగిపోతుంది. అయిపోయిందనుకొని బయటికి వస్తే కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. విశాఖ దీన్ని కళ్లారా చూసింది.

మనిషికి రోజుకు 15 లీటర్ల కనీస వాడకం లెక్కన 1,000 మంది హాస్టల్‌కు మూడు రోజులకు 45,000 లీటర్ల నీరు కావాలి. సంపు అంచును నేలకు 45 సెంటీమీటర్లు ఎత్తు లేపితే ఆ నీటిలో మురుగు కలిసే ప్రమాదం తగ్గుతుంది. 100 కేవీఏ జనరేటరు గంటకు సుమారు 20 లీటర్ల డీజిల్ తాగుతుంది. రోజుకు ఎనిమిది గంటలు నడపాలన్నా మూడు రోజులకు 480 లీటర్లు కావాలి. బోరు మోటారు, వంటగది, డిస్పెన్సరీ, సర్వరు, బయటి దీపాల లైన్లను వేరుచేయకపోతే ఆ డీజిలంతా ఏసీలకే చాలదు.

భూకంపం మన దగ్గర అరుదే కానీ లేనిది కాదు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతాలు కంపించాయి. కింద పార్కింగు కోసం గోడల్లేకుండా స్తంభాల మీద నిలబెట్టిన హాస్టళ్లను స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్ష చేయించాలి. 2001లో భుజ్ భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో అలాంటివి చాలా ఉన్నాయి. పిడుగుల విషయానికొస్తే, మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే మైదానం ఖాళీ చేయించాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పిడుగు కడ్డీకి ఎర్త్ నిరోధం (కరెంటు భూమిలోకి దిగడానికి ఎదురయ్యే అడ్డు) 10 ఓమ్‌లు దాటకూడదు. దాన్ని మట్టి ఎండి ఉండే మే నెలలో కొలిస్తేనే అసలు విలువ తెలుస్తుంది.

డబ్బు దగ్గరే చాలా ప్రిన్సిపాళ్లు ఆగిపోతున్నారు. పైన చెప్పినవాటిలో సగానికి పైగా రోజువారీ నిర్వహణ ఖర్చులో ఇమిడేవే. ప్యానెల్ గదిని పైకి మార్చడం, స్తంభాలను బలపరచడం వంటి పెద్ద పనులకు ప్రభుత్వ కళాశాలలు రాష్ట్ర విపత్తు ఉపశమన నిధి వైపు చూడవచ్చు. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముందుజాగ్రత్త పనులకే కేటాయించింది. అయితే గోడ మీది గీత, నేల మట్టం, అంచనా వ్యయం లేని దరఖాస్తును కలెక్టరేట్ ఎలా మంజూరు చేస్తుంది? ఉన్నత విద్యాశాఖ ఈ ఏడాది నుంచి వార్షిక మరమ్మతుల ప్రతిపాదన నమూనాలోనే కప్పు, నీటి పారుదల, విద్యుత్తు, గ్రంథాలయం, ప్రయోగశాల, చెట్లకు విడివిడి గడులు పెట్టాలి. ఏ గడి అయినా ఖాళీగా వస్తే ప్రతిపాదనను వెనక్కి పంపాలి. మార్చిలో అంచనాలు అందితే ఏప్రిల్, మే సెలవుల్లో పనులు జరుగుతాయి, అక్టోబరుకు ఇంకా నాలుగు నెలలు చేతిలో ఉంటాయి.