కోటకు 20 నిమిషాలు, నగల కొట్టుకు గంటంబావు

1539లో స్పెయిన్ వారు కట్టడం మొదలుపెట్టి, 1595లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ దాడిని తిప్పికొట్టిన ఎల్ మోర్రో కోటను తీరిగ్గా చూడాలని కరీబియన్ దీవి ప్యూర్టో రికోలోని పాత సాన్ హువాన్‌కు వెళితే, మా గైడు దానికి కేటాయించినది 20 నిమిషాలు; నగల దుకాణానికి మాత్రం గంటంబావు. ఆరు అంతస్తులుగా సముద్రం వైపు దిగే ఆ కోటలో నేను రెండో వరుస మెట్లయినా దిగకముందే ఆయన ఈల వేశాడు. కోట ముందరి పచ్చిక మీద ఎగురుతున్న గాలిపటాలను సైతం వ్యాను కిటికీలోంచే చూడవలసి వచ్చింది. అదే మనిషి దుకాణంలో చల్లని పళ్లరసం చేతికిచ్చి, "తొందరేమీ లేదు, నిదానంగా చూడండి" అన్నాడు. బయట ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెంతో పోతపోసిన నీలి రాళ్ల వీధి వానజల్లుకు తడిసి మెరుస్తుంటే, నేను మా ఊళ్లోనూ దొరికే ఉంగరాల ముందు నిలబడి గడియారం చూసుకున్నాను. ఏమీ కొనలేదని మొహం ముడుచుకున్న ఆ పెద్దమనిషి, దిగేటప్పుడు బక్షీసు డబ్బాను నా ముందే రెండుసార్లు గలగలలాడించాడు.