ముద్దాయి పిల్లి, సాక్షులు లేరు

ఆస్ట్రేలియా మెట్టనేలల్లో పుల్లలు పేర్చి, తన మూత్రంతోనే వాటిని గట్టిపరచి, తరతరాలు నిలిచే గూళ్ళు కట్టుకున్న చిన్న పుల్లగూటి ఎలుక అంతరించింది. ఆ పాపంలో బయటినుంచి తెచ్చిన పిల్లులకూ నక్కలకూ వాటా ఉందని ఎవరైనా అనగానే, కొందరు పెద్దమనుషులు కళ్ళద్దాలు సవరించుకుని ‘నిరూపణ ఏది?’ అంటున్నారు. న్యాయమే. చివరి ఎలుకను పిల్లి నములుతున్నప్పుడు పంచాయతీదారులెవరూ అక్కడ సంతకాలు చేయలేదు.

కనుక విచారణ జరగవలసిందే. బోనులో పిల్లి, బ్రిటిష్ వలసదారుల ఓడల్లో దిగిన వంశానిది, కళ్ళు మూసుకుని నిలబడుతుంది. ‘శవపంచనామా జరిగిందా? ఎలుక అంతకుముందే దిగులుతో చిక్కిపోయి ఉండవచ్చు కదా? మేతంతా మేసిన గొర్రెలను, కుందేళ్ళను ఎందుకు పిలవలేదు?’ అని దాని వకీలు గద్దిస్తాడు. రెండో ముద్దాయి నక్క ఆరోగ్యం బాగాలేదని వాయిదా కోరుతుంది. ప్రత్యక్ష సాక్షిని ప్రవేశపెట్టమంటే, ఉన్న ఒక్క సాక్షీ ముద్దాయి కడుపులోనే ఉన్నాడని ప్రాసిక్యూటరు మనవి చేసుకుంటాడు. సాక్షి గైర్హాజరు కావడంతో పిల్లి నిర్దోషిగా విడుదలై, మూతి తుడుచుకుంటూ మెట్లు దిగుతుంది.

ఈలోగా, ఆ చిన్న ఎలుకకు దాయాది అయిన పెద్ద పుల్లగూటి ఎలుక ప్రధాన భూభాగం నుంచి తుడిచిపెట్టుకుపోయి, పిల్లీ నక్కా చేరని, దక్షిణ ఆస్ట్రేలియా తీరంలోని ఫ్రాంక్లిన్ దీవుల్లో మాత్రం మిగిలింది. అక్కడి సంతతిని తెచ్చి అదే రాష్ట్రంలోని రాక్స్‌బీ డౌన్స్ పట్టణం దగ్గర, పిల్లులూ నక్కలూ దూరలేని కంచె లోపల వదిలితే బతికింది. ఆ కంచె కుందేళ్ళను కూడా ఆపుతుంది కదా అంటారా? ఆపుతుంది. గొర్రెలు, కుందేళ్ళు తిండి లాక్కున్నాయి, దాపు లేకుండా చేశాయి. బయటపడ్డదాన్ని పిల్లులు, నక్కలు తిన్నాయి. వాటా ఎవరిదెంతో తేల్చడం కష్టమే. కానీ వీటన్నిటినీ తెచ్చిందెవరు? 1859లో వలస భూస్వామి థామస్ ఆస్టిన్ కుందేళ్ళను వదిలింది తుపాకీ పేల్చుకునే సరదాకు. ఆ శతాబ్దంలోనే విక్టోరియాలో దొరలు నక్కలను వదిలింది గుర్రాలెక్కి వేటకుక్కలతో తరుముకునే సరదాకు. సరదాకు! ఎవరికీ హాని చేయకుండా పుల్లలు ఏరుకునే ప్రాణి భూమి మీద లేకుండా పోయింది. సిగ్గుపడవలసిన చోట రుజువులు అడుగుతున్నారు.

1933లో దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ క్రాంబీ దగ్గర పట్టుకున్న తరువాత చిన్న పుల్లగూటి ఎలుక మళ్ళీ ఎవరి చేతికీ చిక్కలేదు. నిరూపణ కోసం వెతకదలచినవారు నిరభ్యంతరంగా వెతకవచ్చు. ఆ వెతుకులాట పేరు చెప్పి, ఉన్న కంచెల్లో ఒక్క తీగ కూడా విప్పకుండా ఉంటే చాలు.