జరిమానాతో ముగియని పెటీ కేసు

"ఫైన్ కడితే అయిపోతది, కోర్టు చుట్టూ తిరుగుడెందుకు" అన్న మాట వరంగల్, హనుమకొండ ఠాణాల దగ్గర తరచూ వినిపిస్తుంది. చెప్పేవారు చాలాసార్లు మంచి మనసుతోనే చెబుతారు. నలుగురిలో గొడవ చేశాడనో, తాగి అల్లరి చేశాడనో, దారికి అడ్డం నిలిచాడనో పెట్టిన చిన్న కేసులో, అంటే పెటీ కేసులో, నిజంగా తప్పు చేసినవాడికి ఆ సలహా పనికిరావచ్చు. కానీ అరెస్టు తీరే అనుమానాస్పదంగా ఉన్నప్పుడు, ఎందుకు ఆపారని అడిగినందుకే ఒక మనిషిని వాహనం ఎక్కించి, ఆ తరువాత అతని మీద న్యూసెన్స్ కేసు రాసినప్పుడు, అదే సలహా అతనికి తీరని నష్టం చేస్తుంది. తప్పు ఒప్పుకున్న మరుక్షణం నుంచి ఆ అరెస్టు చట్టబద్ధమా కాదా అని ఆ కేసులో కోర్టు ఇక అడగదు. అటువంటి కేసుకు డబ్బు కట్టి చేతులు దులుపుకోకూడదని, కోర్టులో జవాబు చెప్పాలని మేము భావిస్తున్నాము.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూడాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 292వ సెక్షన్ కింద ప్రజలకు ఇబ్బంది కలిగించడానికి శిక్ష వెయ్యి రూపాయలకు మించని జరిమానా మాత్రమే. తాగిన మైకంలో బహిరంగ ప్రదేశంలో అనుచితంగా ప్రవర్తించడానికి 355వ సెక్షన్ కింద గరిష్ఠంగా 24 గంటల సాధారణ ఖైదు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ విధించవచ్చు. ఈ రెండు నేరాలకూ వారెంటు లేకుండా అరెస్టు చేసే సాధారణ అధికారం పోలీసులకు లేదు. ఈ సంగతి తెలిసిన పౌరులు చాలా తక్కువ. నేరం తన కళ్లెదుటే జరిగినా, అవతలి వ్యక్తి పేరు, చిరునామా చెప్పడానికి నిరాకరిస్తేనో, తప్పుడు వివరాలిస్తేనో మాత్రమే అరెస్టు, విచారణ పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 39వ సెక్షన్ పోలీసు అధికారికి అతణ్ని పట్టుకునే అవకాశం ఇస్తుంది. అదీ ఆ వివరాలు తేలేవరకే. నగర పోలీసు చట్టం వంటి ప్రత్యేక చట్టం కింద అధికారం ఉందని చెబితే, ఏ చట్టం, ఏ సెక్షన్ అన్నది కాగితం మీద ఉండాలి. నోటిమాటగా చెప్పే అధికారాన్ని కోర్టు పరీక్షించలేదు.

అందుకే రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు పేరు, ఊరు స్పష్టంగా చెప్పడం పిరికితనమేమీ కాదు. చట్టం ఇచ్చిన రక్షణను నిలబెట్టుకోవడానికి అది మొదటి మెట్టు. కాజీపేటలో అర్ధరాత్రి రైలు దిగి టీ కొట్టు దగ్గర నిలబడిన ప్రయాణికుడైనా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల పక్కన తెల్లవార్లూ కాపలా కాసే రైతైనా వివరాలు చెప్పి, కారణం మర్యాదగా అడిగితే, ఆ అడగడం నేరం కాదు. చేయి విదిలించుకోవడం, తోయడం, దారికి అడ్డుపడడం మాత్రం చేయకూడదు. అరెస్టు తప్పుడుదే అయినా రోడ్డు మీద ప్రతిఘటిస్తే, విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిపై బలప్రయోగం చేశారంటూ న్యాయ సంహిత 132వ సెక్షన్ చేరుతుంది. దానికి రెండేళ్ల వరకు జైలు శిక్ష ఉంది, బెయిలు హక్కుగా దొరకదు. వెయ్యి రూపాయల కేసు అలా కుటుంబాన్నే కుదిపేసే కేసుగా మారుతుంది. పోరాటమంతా కాగితం మీద, కోర్టులో జరగాలి.

అరెస్టే జరిగితే, ఆ క్షణం నుంచి ప్రతి అడుగుకూ ఒక కాగితం ఉండాలి. డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు నిర్దేశించిన జాగ్రత్తలు నేడు చట్టంలో భాగమయ్యాయి. అరెస్టు చేసే అధికారి పేరు కనిపించే బిళ్ల పెట్టుకోవాలి. అరెస్టు వివరాలు రాసే పత్రమైన అరెస్టు మెమోపై కుటుంబ సభ్యుడో, ఆ ప్రాంతంలోని గౌరవనీయుడో సాక్షిగా సంతకం చేయాలి. కుటుంబానికి గానీ స్నేహితునికి గానీ కబురు అందాలి. కారణాలు తెలుసుకునే హక్కును, తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కును రాజ్యాంగం 22వ అధికరణమే ఇచ్చింది. ఆ కారణాలను అరెస్టయిన వ్యక్తికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా ఇవ్వాలని, రిమాండుకు హాజరుపరిచేందుకు కనీసం రెండు గంటల ముందు అవి అతని చేతిలో ఉండాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. ములుగు, భూపాలపల్లి తండాల నుంచి వచ్చిన కూలీ చేత ఇంగ్లిషు కాగితంపై వేలిముద్ర వేయించుకుని "కారణాలు తెలిపాము" అని రాసుకోవడం ఆ తీర్పును పాటించడం కాదు. చదవని కాగితంపై సంతకం పెట్టకుండా ఉండే హక్కు ఎవరికైనా ఉంటుంది. ఒంటి మీద దెబ్బలుంటే వైద్య పరీక్షలో వాటిని నమోదు చేయమని గట్టిగా అడగాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వైద్యుడు ఆనాడు రాసిన నాలుగు వాక్యాలు ఆర్నెల్ల తరువాత చెప్పే ఎంతటి సాక్ష్యం కన్నా బలంగా నిలుస్తాయి. 292, 355 సెక్షన్ల నేరాలు బెయిలు హక్కుగా దొరికేవి కాబట్టి ఠాణాలోనే పూచీకత్తుపై విడుదల కోరవచ్చు. దానికోసం ఎవరి సిఫారసూ అక్కరలేదు.

తరువాతి పని ఆధారాలు కాపాడుకోవడం. మా దృష్టిలో ఇలాంటి కేసుల్లో గెలుపోటములను తేల్చేది ఇదే, అందరూ ఆలస్యం చేసేదీ ఇదే. ప్రతి పోలీసు స్టేషన్‌లో ప్రవేశద్వారం, లాకప్పు, వరండాలతో సహా కెమెరాలుండాలని, వాటి రికార్డింగును 18 నెలలు, అది కుదరని చోట కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. అయితే కూడలిలోని మెడికల్ షాపు కెమెరాకు, అపార్టుమెంటు గేటు కెమెరాకు ఆ నియమం వర్తించదు. అక్కడి దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతాయి. కాబట్టి విడుదలైన మర్నాడే దుకాణదారుణ్ని అడిగి దృశ్యాలు తీసుకోవాలి. స్టేషన్ కెమెరాల రికార్డింగు, పెట్రోలింగ్ వాహనం కదలికల వివరాలు భద్రపరచమని కోరుతూ తేదీ, సమయం రాసి కమిషనర్ కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోవాలి. సెల్‌ఫోన్ వీడియో కోర్టులో నిలవాలంటే సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫైలును అదే ఫోనులో అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో చేతులు మారిన కాపీ బలహీనపడుతుంది. ఎవరు, ఎక్కడ, ఏమన్నారు, చూసినవారెవరు అన్న వివరాలు ఆ రాత్రే ఒక కాగితంపై రాసుకోవాలి. తాగి ఉన్నాడని ఆరోపిస్తే శ్వాస పరీక్ష చేశారా, రక్త పరీక్షకు పంపారా అన్నది అడగవలసిన ప్రశ్న.

కోర్టులో మేజిస్ట్రేట్ ఆరోపణ సారాంశం చదివి "ఒప్పుకుంటారా" అని అడిగినప్పుడు మౌనం దాల్చినా, కాదన్నా అది కోర్టు పట్ల అవమానం కాదు. నిరపరాధి అనే భావనతోనే విచారణ మొదలవుతుంది, నిరూపించే భారం పోలీసులదే. నేరం ఒప్పుకున్న తరువాత శిక్ష ఎంతన్నదానిపై, దాని చట్టబద్ధతపై తప్ప అప్పీలు ఉండదని గుర్తుంచుకోవాలి. పెండింగు కేసులను ఒక్కరోజులో ముగించే జాతీయ లోక్ అదాలత్ తేదీ దగ్గరపడుతుంటే, తప్పు ఒప్పుకుని ముగించుకోమని పెటీ కేసుల వారికి ఫోన్లు వస్తాయి. పెండింగు తగ్గడం కోర్టులకు, పోలీసులకు మేలే కావచ్చు. కానీ తప్పు చేయని వ్యక్తి ఆ లెక్కను తగ్గించడం కోసం ఒప్పుకోవలసిన అవసరం లేదు. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని జరిగిన తేదీ నుంచి ఆరు నెలలు దాటాక మేజిస్ట్రేట్ విచారణకు స్వీకరించడం సాధారణంగా కుదరదన్నది కూడా న్యాయవాది చేత పరిశీలింపజేసుకోవాలి. ఆధారమే లేని కేసును కొట్టివేయమని హైకోర్టును కోరే మార్గమూ ఉంది.

మేము ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం మన యువత. హనుమకొండ కోచింగ్ సెంటర్లలో, అద్దె గదుల్లో కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే వేలమంది రాత్రి పొద్దుపోయాక భోజనానికో టీకో వీధిలోకి వస్తారు. ఉద్యోగం వచ్చాక నింపే ధ్రువీకరణ పత్రంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, శిక్ష పడిందా అని అడుగుతారు. ఆనాడు కట్టిన జరిమానా అక్కడ శిక్షగానే రాయాలి. దాచితే ఉద్యోగానికే ముప్పు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్నవయసులో నినాదాలివ్వడం వంటి స్వల్ప నేరాలను యజమాని తన విచక్షణతో ఉపేక్షించవచ్చని చెప్పింది. విచక్షణ అంటే అభ్యర్థి హక్కు కాదు, నియామక అధికారి దయ. పోలీసు ఉద్యోగానికి చదివే కుర్రాడికి పెటీ కేసు ఎంత బరువో ఆ కేసు రాసే కానిస్టేబుల్‌కు తెలియనిది కాదు.

లాయరు ఖర్చుకు భయపడి ఒప్పుకునేవారే ఎక్కువ. కస్టడీలో ఉన్నవారికి, మహిళలకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేసినా, 15100 నంబరుకు ఫోను చేసినా చాలు. అక్రమ నిర్బంధంపై ఏడాదిలోగా రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

పోలీసుల కష్టం మాకు తెలుసు. బస్టాండులో తాగుబోతుల మధ్య బస్సు కోసం నిలబడే ఆడబిడ్డకు రక్షణ కావాలి, అది ఇవ్వవలసినది పోలీసులే. మేడారం జాతర రద్దీలో పాటించే సంయమనం వారికి రాదని ఎవరూ అనలేరు. వారిపై మా ఫిర్యాదల్లా జవాబు చెప్పినవాడిని, తాగి తూలినవాడిని ఒకే గాటన కట్టడం మీదనే. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ తరువాత న్యాయవాదిగా మారి జీవితాంతం అడిగినది కూడా అధికారం తన చట్టానికి తాను లోబడాలనే. ఈ ప్రాంతానికి ఆ ప్రశ్న కొత్తది కాదు.

వరంగల్, హనుమకొండ, జనగామ జిల్లాల మీద అధికారం ఉన్న కమిషనరేట్, ప్రతి పెటీ కేసులోనూ అరెస్టు జరిగిందా, ఏ సెక్షన్ కింద జరిగింది, కారణాలు ఏ భాషలో రాసిచ్చారు అన్న మూడు వివరాలను స్టేషన్ల వారీగా నెలనెలా ప్రకటించాలి. ఒప్పుకోలు నమోదు చేసేముందు మేజిస్ట్రేట్లు నిందితుణ్ని న్యాయవాది ఉన్నారా అని, ఎవరైనా ఒత్తిడి చేశారా అని తెలుగులో అడగాలి. లోక్ అదాలత్ రోజున ఉచితంగా సలహా ఇచ్చే ఒక బల్లను న్యాయవాదుల సంఘాలు కోర్టు ప్రాంగణంలో ఏర్పాటు చేయాలి. వచ్చే లోక్ అదాలత్‌కు పెటీ కేసుల జాబితా పంపేముందే, అరెస్టు మెమో లేని ప్రతి కేసునూ ఆ జాబితా నుంచి తీసి పైఅధికారి చేత పునఃపరిశీలింపజేయాలని కమిషనర్‌ను కోరుతున్నాము.