ప్రేమించలేని దేశం మీద ఒక పాట

2019 మార్చి 26న యూట్యూబ్‌లో 35 సెకన్ల వీడియో ఒకటి వచ్చింది. నాజీ క్యాంపుల్లో ఖైదీలు వేసుకున్న చారల బట్టలు, మెడలకు ఉరితాళ్లు. అలా నిలబడ్డవాళ్లు జర్మన్ మెటల్ బ్యాండ్ రామ్‌స్టైన్ సభ్యులే. చివర్లో పాత జర్మన్ లిపిలో ఒక్క మాట: డాయిచ్‌లాండ్, అంటే జర్మనీ. రాబోయే పాట పేరు అదే. దానితో పాటు, రెండు రోజుల తర్వాతి తేదీ.

జర్మనీ భగ్గుమంది. నాజీల యూదు మారణకాండ హోలోకాస్ట్ నుంచి బతికి బయటపడ్డ యూదు నాయకురాలు షార్లొట్ నోబ్లోక్ బహిరంగంగా ఖండించారు. పదేళ్లుగా కొత్త ఆల్బమ్ కోసం ఎదురుచూస్తున్న అభిమానులకు అందిన మొదటి కబురు ఇది.

ఆరుగురు సభ్యులూ తూర్పు జర్మనీలో పెరిగినవాళ్లు. వాళ్లు పెరిగిన దేశం 1990లో మ్యాప్‌లోంచే పోయింది. అలాంటివాళ్లు దేశం పేరు పెట్టి పాడుతున్నారంటే అది మామూలు దేశభక్తి గీతం కాదని అప్పుడే అనిపించింది.

మార్చి 28న పాట వచ్చింది. మొదట కీబోర్డు మీద చిన్న స్వరాల వరస తిరుగుతూ ఉంటుంది. తర్వాత గిటార్లు, డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. ఫ్యాక్టరీలో మెషిన్ దిగినట్టు కొలిచి కొట్టే ఆ దెబ్బే ఇండస్ట్రియల్ మెటల్‌కి ప్రాణం. పల్లవిలో గాయకుడు టిల్ లిండెమన్ దేశం పేరెత్తి పిలుస్తాడు. స్టేడియం మొత్తం పిడికిలెత్తి అందుకునే పిలుపు అది. కానీ ఆ వెంటనే వచ్చే మాట, నా ప్రేమ నీకివ్వలేను అని. మొదటి మాట అరిచినవాడు రెండో మాటా అరవాల్సిందే. అక్కడే పాట నన్ను పట్టేసింది.

ఇంకోచోట పాత జాతీయగీతంలోని 'ఊబర్ ఆలెస్' అన్న మాటలో ఒక్క అక్షరం మారుస్తారు. 'అన్నిటికన్నా మిన్న' కాస్తా 'అందరి మీదా' అయిపోతుంది. ఆ చరణాన్ని జర్మనీ ఇప్పుడు జాతీయగీతంగా పాడదు. ఎందుకు పాడదో ఆ ఒక్క అక్షరం చెబుతుంది.

దర్శకుడు స్పెక్టర్ బెర్లిన్ తీసిన 9 నిమిషాల వీడియోలో జర్మనీయే ఒక స్త్రీ. దేశాన్ని తల్లిగా చూడటం మనకు కొత్త కాదు. కానీ ఈ తల్లి చేతిలో తెగిన తల ఉంటుంది, సన్యాసులు ఆమె ఒంటి మీదే విందు చేసుకుంటారు. ఆ పాత్రలో నల్లజాతి నటి రూబీ కోమీని పెట్టడమే నాజీల జాతి పిచ్చికి సూటి జవాబు. ఉరికంబం దగ్గరి ఖైదీలూ ఈ బ్యాండ్ వాళ్లే, నాజీ అధికారులూ వాళ్లే.

ఇంత నిజాయితీ ఉన్న పాటకు ఆ ట్రైలర్ అవసరమా? అవసరం లేదనే అంటాను. తొమ్మిది నిమిషాల్లో అర్థమున్న దృశ్యం, 35 సెకన్లకు కత్తిరిస్తే చచ్చిపోయినవాళ్లతో చేసిన పబ్లిసిటీ అవుతుంది. ఇది వాళ్లకు తెలియని విషయమూ కాదు. 1998లో ఒక పాట వీడియోలో నాజీల కాలపు దర్శకురాలు లెని రీఫెన్‌స్టాల్ సినిమా దృశ్యాలు వాడి, రైట్‌వింగ్ వాళ్లన్న నింద మోశారు. 2001లో 'లింక్స్ 2 3 4' పాటతో, మా గుండె ఎడమవైపే, అంటే వామపక్షం వైపే, కొట్టుకుంటుందని సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

సింగిల్ జర్మనీలో నంబర్ వన్ అయింది. మే 17న ఆల్బమ్ వచ్చింది, అట్ట మీద పేరు లేదు, ఒక అగ్గిపుల్ల బొమ్మ మాత్రమే. నేను మాత్రం వీడియో చివరి దగ్గరే ఆగిపోతాను. అద్దాల శవపేటికలో ఆ స్త్రీ అంతరిక్షంలోకి తేలిపోతుంది. గిటార్ల మోత ఆగాక, వాళ్లదే పాత పాట 'జొన్నె' పియానో మీద నెమ్మదిగా వినిపిస్తుంది.